జిమ్ మానేసిన మోకాళ్లు సింహాచలం మెట్లెక్కాయి: ఒక ఫిజియోథెరపిస్టు కేస్ స్టడీ

ఈ కేసు విశాఖపట్నంలోది. పేషెంటును సుజాత గారు అందాం. అసలు పేరు అది కాదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, మిగతావి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. వయసు 44. బ్యాంకులో ఆఫీసరు. ఎం.వి.పి. కాలనీలో కాపురం, ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కొడుకు, అత్తగారు. నా దగ్గరికి పంపింది ఆవిడ చూపించుకునే ఫిజీషియన్. చీటీ మీద మూడు ముక్కలు: రెండు మోకాళ్ల ముందు భాగంలో నొప్పి, ప్రీడయాబెటిస్ (షుగరుకు ముందు దశ), వ్యాయామం మొదలుపెట్టించండి.

మొదటి రెండూ నాకు రోజూ వచ్చేవే. చిక్కంతా మూడోదానితో. వ్యాయామం మొదలుపెట్టడం ఆవిడకు కొత్తేమీ కాదు. ఆవిడ చాలాసార్లు మొదలుపెట్టారు.

పరీక్షలో కనిపించినవి ముందు చెప్తాను. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటితేనే జాగ్రత్త పడమంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 6.2 శాతం. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ కిందికి వస్తుంది కాబట్టి ఆవిడ అంచుకు దగ్గర్లోనే ఉన్నారు. తండ్రికి షుగరు. ఈ అంచున ఆవిడ ఒక్కరే లేరు: భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2023లో ప్రచురించిన లెక్కల్లో దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్లు అయితే, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు 13.6 కోట్లు.

ఎక్స్‌రేలో మోకాళ్ల అరుగుదల చెప్పుకోదగ్గంత లేదు. నొప్పి చిప్ప చుట్టూ, అదీ మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు. పదికి ఆరు అన్నారు. చిన్న పీట మీద నిలబెట్టి ఒంటికాలి మీద నెమ్మదిగా దిగమంటే మోకాలు లోపలికి వాలిపోయింది, తుంటి పక్కకి జారింది. తొడ ముందు కండరాలకూ తుంటి పక్క కండరాలకూ బలం చాలట్లేదని అర్థం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూశాను: 10. ఈ పరీక్షకు అరవై నుంచి అరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో మామూలు అనుకునే అంకె 12 నుంచి 17. ఆరు నిమిషాల్లో నడిచిన దూరం 430 మీటర్లు. ఆవిడ మొహం చూసి కుర్చీ పరీక్ష సంగతి అప్పుడు చెప్పలేదు, తర్వాత చెప్పాను.

ఇంతకు ముందు ఏం జరిగింది

ఇంటికి దగ్గర్లోని జిమ్‌లో ఏడాదికి డబ్బు కట్టారు. వెళ్లింది రెండు నెలలు. ట్రెడ్‌మిల్ గోడకు ఎదురుగా ఉండేదట, గోడ మీద టీవీ, టీవీలో వార్తలు. "నిమిషాలు ముందుకు కదిలేవి కావు మేడమ్. ఇరవై నిమిషాలు అనుకుని ఎక్కుతాను, కాసేపయ్యాక చూస్తే ఏడో నిమిషం నడుస్తూ ఉంటుంది" అన్నారు. తర్వాత యూట్యూబ్ చూసి ఇంట్లో జుంబా. మోకాళ్లు పట్టేశాయి, కింది వాటావాళ్లు చప్పుడని గొడవ పెట్టారు. తర్వాత భర్త పెళ్లిరోజుకు కొనిచ్చిన స్మార్ట్ వాచీ. రోజుకు పదివేల అడుగులు. రాత్రి పదిన్నరకు ఆరువేల దగ్గర ఆగితే హాల్లోనే అటూ ఇటూ తిరిగేవారు. అత్తగారు "ఏటమ్మా, ఏదైనా పోగొట్టుకున్నావా?" అని అడిగేవారట.

ఈ పదివేల గురించి ఒక మాట. ఆ అంకె వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్‌ను అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో మరణాల రేటు 7,500 అడుగుల దాకా తగ్గుతూ వచ్చి, ఆ తర్వాత దాదాపు అక్కడే నిలిచింది. 2,700 నడిచేవాళ్లతో పోలిస్తే 4,400 నడిచేవాళ్లకే చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. ఆరువేలు నడిచి కూడా ప్రతి రాత్రీ ఓడిపోయినట్టు పడుకున్న మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రతిసారీ కథ ఒకేలా నడిచింది. మొదట ఉత్సాహం. మధ్యలో బ్యాంకు పనో, జ్వరమో, పండగో అడ్డం వచ్చి పది రోజులు పోతాయి. ఆ పది రోజులకు సిగ్గు. ఆ సిగ్గుతో మళ్లీ మొహం చూపించలేక మానేయడం. "నాకు పట్టుదల లేదు మేడమ్" అని ఆవిడే తీర్పు చెప్పేసుకున్నారు. బ్యాంకు పరీక్షలు రాసి, ప్రమోషన్లు తెచ్చుకుని, ఇంటిల్లిపాదినీ నడుపుతున్న మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను.

అడిగిన ప్రశ్న

ఇలాంటి కేసుల్లో నేను వ్యాయామ చరిత్రతో పాటు ఇంకోటి కూడా అడుగుతాను: కాళ్లు నొప్పి పుట్టినా తెలియకుండా ఎప్పుడైనా నడిచారా? సుజాత గారు కాసేపు ఆలోచించి చోడవరం దగ్గర అమ్మమ్మగారి ఊరు చెప్పారు. వేసవి సెలవుల్లో పిల్లలంతా జీడితోటలోకి పోయేవారట. రాలిన జీడిమామిడి పళ్లు ఏరడం, పండు తిని గౌనుకు మరక చేసుకోవడం, గింజలు వేరుచేసి అమ్మమ్మకు ఇవ్వడం. పొద్దున పోతే మధ్యాహ్నం భోజనానికే తిరిగి రావడం. చెబుతున్నప్పుడు ఆవిడ చేతులు కదిలాయి, గొంతు మారింది. ట్రెడ్‌మిల్ గురించి చెప్పిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అనిపించింది.

నా ఫైల్లో రాసుకున్నది ఇది: ఈవిడకు నడక ఎప్పుడూ ఇంకో పనికి తోడుగా వచ్చింది. ఒక చోటికి చేరడానికో, ఒకటి ఏరుకోవడానికో, నలుగురితో ఉండడానికో. నడకనే పనిగా పెట్టి, నిమిషాలు లెక్కపెట్టినప్పుడల్లా చెడిపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డెసీ, రయన్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఇలాంటిదే. మనిషి ఒక పనిని చాలాకాలం పట్టుకుని ఉండాలంటే అది తాను ఎంచుకున్నదై ఉండాలి, తనకు చేతనవుతోందని తెలుస్తూ ఉండాలి, అందులో తోడు ఉండాలి. సుజాత గారి జిమ్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అయితే "ప్రకృతిలోకి వెళ్లండి, అంతా అదే సర్దుకుంటుంది" అనే బాపతు సలహా మీద నాకు పెద్దగా గురి లేదు. పరిశోధనలు ఉన్నాయి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు చూసి, కిటికీలోంచి చెట్లు కనిపించిన గదుల్లో ఉన్న ఆపరేషన్ పేషెంట్లు ఇటుక గోడ కనిపించిన గదుల్లోవాళ్ల కంటే ముందే ఇంటికి వెళ్లారని, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారని రాశాడు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు ఇరవై వేలమంది సమాచారం చూసినవాళ్లు, వారంలో రెండు గంటలైనా పచ్చదనంలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెబుతున్నారని గమనించారు. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో కదా? రెండో అధ్యయనం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. నాకు పనికొచ్చిన విషయం ఇంతకంటే చిన్నది. అదే వేగంతో నడిచినా చాలామందికి ఆరుబయట శ్రమ తక్కువ అనిపిస్తుంది; ఇష్టమొచ్చినట్టు నడవమంటే ఆరుబయటే కాస్త వేగంగా నడుస్తారు. కన్ను బయట ఉంటే ధ్యాస ఆయాసం మీదికి పోదు. ఏడో నిమిషం దగ్గర ఆగిపోయే మనిషికి ఇది చాలు.

బీచ్ రోడ్డు పనిచేయలేదు

విశాఖలో ఎవరైనా ముందు చెప్పేది ఆర్కే బీచే. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. చదునైన దారి, సముద్రపు గాలి, కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. మోకాళ్లకూ మంచిది. అక్కడే మొదలుపెట్టాం. వాచీ మాత్రం ఇంట్లో పెట్టేసి రమ్మన్నాను, మొదటి నెల అంకెలు వద్దని.

పట్టుమని పది రోజులు సాగలేదు. కారణం నేను ఊహించనిది. సగం ఊరు అక్కడే నడుస్తుంది, అందులో సగం ఆవిడ కస్టమర్లు. "మేడమ్, గోల్డ్ లోన్ రెన్యువల్ ఎప్పుడండీ?" "మేడమ్, మా అబ్బాయి ఎడ్యుకేషన్ లోన్ ఇంకా శాంక్షన్ కాలేదు." ఒకాయన సబ్‌మెరైన్ దగ్గర నుంచి కాళికా ఆలయం దాకా వెంట నడిచి తన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ గురించి మాట్లాడాడట. సముద్రం పక్కనే ఉంది, ఆవిడ మాత్రం బ్రాంచిలోనే ఉన్నారు.

నవ్వుకున్నాం గానీ, ఈ సమాచారం విలువైనది. పచ్చదనమో నీలిమో కంటికి కనిపించడం ఒక్కటే చాలదు. ఆ చోటు మనిషిని రోజూ ఉండే వేషంలోంచి కాసేపు బయటపడనివ్వాలి. అప్పటి నుంచి "ఎక్కడ" అని అడిగినప్పుడు "అక్కడ మీకు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు" అని కూడా అడుగుతున్నాను. కొందరికి తెలిసినవాళ్లు ఉండడమే ఆకర్షణ. ఈవిడకు అదే బరువు.

కంబాలకొండ, శివాజీ పార్కు

అక్టోబరు వానలు తగ్గాక ఒక ఆదివారం హనుమంతవాక దాటి కంబాలకొండకు వెళ్లమన్నాను. ఊరి అంచునే, జాతీయ రహదారి పక్కనే, 70 చదరపు కిలోమీటర్లకు పైబడిన అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉండేది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడి చెట్లను కూడా విరిచిపడేసింది. ఆ గాయం మానిన తీరు చూడాలన్నా ఒకసారి వెళ్లొచ్చు.

ఒక్కరే వెళ్లనన్నారు. న్యాయమే. ఒంటరిగా అడవి దారిలో నడవండి అని ఒక ఆడమనిషికి తేలిగ్గా రాసిచ్చే డాక్టర్లు ముందు ఆ దారిలో తాము నడిచి చూడాలి. మొదటి వారం భర్త తోడు వెళ్లారు. ఆయన కాస్త దూరం నడిచి బల్ల మీద కూర్చుని ఫోను చూసుకున్నారు. తర్వాత ఆఫీసులోని ఇద్దరు స్నేహితురాళ్లు చేరారు. నేను ఇచ్చిన నియమాలు కొన్నే: గుర్తులున్న దారి దాటొద్దు, పొదల్లో చేయి పెట్టొద్దు, కోతులు కనిపించేలా తినేవి పట్టుకోవద్దు, మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే. మాట మధ్యలో తెగితే వేగం తగ్గించాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, ఎలాగూ ముగ్గురూ మాట్లాడుతూనే ఉంటారు.

తిరిగొచ్చి ఆవిడ మొదట చెప్పింది మోకాళ్ల గురించి కాదు. ఆకుల మీద ఏదో గోధుమ రంగు పిట్ట, నేల మీదే గెంతుతూ వెళ్లిందట, అదేమిటని అడిగారు. నాకు తెలియదు. నాకు కండరాల పేర్లే వచ్చు. ఆవిడే ఫోనులో వెతుక్కున్నారు. "ఎంతసేపు నడిచారు?" అంటే ముగ్గురికీ తెలియలేదు. పార్కింగ్ చీటీ మీది టైము చూసి లెక్కేసుకుంటే గంటా పావు పైనే.

గరుకు నేల మీద నడక వేరు. రాళ్లూ వేళ్లూ ఉన్నచోట పాదం ప్రతి అడుగుకూ కొంచెం కొత్తగా పడుతుంది. చీలమండ, పిక్క, తుంటి పక్క కండరాలు నిలకడ కోసం పనిచేస్తూనే ఉంటాయి. చదునైన బెల్టు మీద వాటికి అంత పని దొరకదు. నాకు కావలసిన తుంటి కండరాలు అవే.

కంబాలకొండ ఆఫీసు రోజులకు కుదరదు. మామూలు రోజులకు ఇంటికి దగ్గర్లోని శివాజీ పార్కు పెట్టుకున్నాం. చెట్ల కింద ట్రాక్, నడిచి వెళ్లేంత దూరం. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దాంతో పాటు రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చెబుతున్నాయి. పార్కూ ఆదివారమూ కలిపితే మొదటిదాంట్లో 150 దాటాం. రెండోదాన్ని ఆవిడ ఇంకా ముట్టుకోలేదు. నేను ఇచ్చిన వ్యాయామాల కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద భద్రంగా ఉంది.

మెట్లు

డిసెంబరులో ఆవిడే అడిగారు: "సింహాచలం మెట్లు ఎక్కొచ్చా మేడమ్?" పెళ్లయిన కొత్తలో మొక్కుకున్న మొక్కు ఒకటి మిగిలిపోయిందట.

కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలయ్యే ఆ దారి వెయ్యికి పైగా మెట్లు. రెండు పక్కలా చెట్లు, మధ్యలో నీళ్ల ధారలు, కొండ మీద అనాస, పనస, జీడి. జీడి మాట వినగానే నాకు చోడవరం గుర్తొచ్చింది, ఆవిడకూ వచ్చే ఉంటుంది.

చిప్ప చుట్టూ నొప్పి ఉన్నవాళ్లకు మెట్లెక్కడం కంటే దిగడమే గండం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకని వద్దనలేదు, ఒక షరతు పెట్టాను: ఎక్కడం కాళ్లతో, దిగడం ఘాట్ రోడ్డు బస్సులో. ఫిజీషియన్‌తో మాట్లాడి ఈసీజీ, బీపీ చూపించుకున్నాకే. ప్రతి మలుపులో ఆగాలి, ఆగినప్పుడు కూర్చోకూడదు, నిలబడి నీళ్లు తాగాలి.

మొదటిసారి నేనూ వెళ్లాను, మోకాలు ఎలా కదులుతోందో వెనక నుంచి చూడడానికి. చలికాలం పొద్దు, మెట్లు తడిగా ఉన్నాయి. మాకు ముందు అరవై దాటిన ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఇత్తడి గిన్నె ఎత్తుకుని లేచి, పై మెట్టుకు పోతోంది. నడుము తిన్నగా, తుంటి దగ్గర మడత, మడమ నేల మీదే. క్లినిక్‌లో నేను అద్దం ముందు నిలబెట్టి వారాల తరబడి నేర్పించేది సరిగ్గా అదే. ఆవిడకు ఎవరూ "పదిహేను చొప్పున మూడు సెట్లు" అని చెప్పలేదు. సుజాత గారు ఆగి చూస్తూ "ఈవిడ మోకాళ్లు నా మోకాళ్ల కంటే బాగున్నాయి" అన్నారు. బాగున్నాయి, నిజమే.

సగం దారిలో సుజాత గారి కుడి మోకాలు లోపలికి వాలడం మొదలైంది. అలసట. అక్కడ ఆపి చూపించాను: "ఇదిగో, ఇక్కడి నుంచి మీ తుంటి పని మానేసింది. మీరు మెట్లు దిగాలంటే ఈ కండరం పైదాకా పనిచేయాలి. ఫ్రిజ్ మీది కాగితం దీనికోసమే."

కేసు మలుపు తిరిగింది ఇక్కడే అని నా నమ్మకం. అప్పటిదాకా ఆ కాగితం షుగరు కోసం, బరువు కోసం, ఎప్పుడో రాబోయే జబ్బు కోసం. ఇప్పుడది ఫలానా కొండ, ఫలానా మెట్టు కోసం. మరుసటి వారం నుంచి కుర్చీలోంచి లేవడం, పక్కకు పడుకుని కాలు ఎత్తడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఇంట్లోని కత్తిపీట ఎత్తు స్టూలు మీంచి నెమ్మదిగా దిగడం, వారానికి రెండు మూడు సార్లు జరిగాయి. నేను గుర్తు చేయకుండానే. ప్రకృతి వ్యాయామం స్థానంలోకి వస్తుందని చాలామంది రాస్తారు. నేను చూసింది వేరు: విసుగు పుట్టించే వ్యాయామాలకు కొండ ఒక కారణం ఇచ్చింది. కొండ ఒక్కటే అయితే నొప్పి పెరిగి సంక్రాంతికల్లా మానేసేవారు. కాగితం ఒక్కటే అయితే ఏమైందో ముందే చూశాం.

జనవరి, ఫిబ్రవరిల్లో నెలకు రెండు ఆదివారాలు మెట్లు, మిగతావి కంబాలకొండ. దిగడం మొదట కింది పాతిక వంతు, తర్వాత సగం. దిగేటప్పుడు పాదం పూర్తిగా మెట్టు మీద ఆనాలని, గబగబా పడిపోకుండా లోపల లెక్కపెట్టుకోమని చెప్పాను. పసుపు రాసిన తడి మెట్లు జారతాయి కాబట్టి అంచు వదిలి లోపలికి అడుగు వేయాలి. మర్నాడు పొద్దున నొప్పి పదికి మూడు దాటితే వచ్చే వారం అంతే ఎత్తు, పెంచడం లేదు.

మార్చి ఎండింగ్

బ్యాంకువాళ్లకు మార్చి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మూడు వారాలు పార్కు లేదు, కొండ లేదు, రాత్రి తొమ్మిదికి ఇల్లు. పాత లెక్కన అయితే ఇక్కడ కథ అయిపోవాలి. ఫోను చేద్దామా అనుకుని ఊరుకున్నాను. నా ఫోనుతో తిరిగొచ్చే అలవాటు నా ఫోనుతోనే పోతుంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం స్నేహితురాళ్లతో కంబాలకొండలో తీసిన ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. కింద సంజాయిషీ ఏమీ లేదు, "చెట్లన్నీ చిగిరించాయి" అని మాత్రం ఉంది. తర్వాత అడిగాను, మధ్యలో మానేసినందుకు ఇబ్బంది అనిపించలేదా అని. "కొండకు హాజరు పట్టీ లేదు కదా మేడమ్" అన్నారు. జిమ్ కౌంటరు దగ్గర కుర్రాడు "చాన్నాళ్లయింది మేడమ్" అనే మాట ఎంత పని చెడగొడుతుందో జిమ్‌వాళ్లకు తెలియదు.

వేసవి మాత్రం నిజంగా కష్టం. విశాఖలో ఎండ కంటే ఉక్కపోత ప్రమాదం. గాలిలో తేమకు చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మే నెలలో పొద్దు ఐదున్నర లోపే పొడుస్తుంది కాబట్టి ఐదింటికే బయల్దేరి ఏడు లోపు ఇల్లు చేరాలన్నది నియమం. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ సీసా వెంట ఉండాలి. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా, తలనొప్పి మొదలైనా నీడలో కూర్చుని ఆరోజుకి ఆపేయాలి. అక్షయ తృతీయకు సింహాచలంలో చందనోత్సవం. ఆ వారం జనం రద్దీకి మెట్ల వైపు పోవద్దన్నాను. ఆ రెండు నెలలూ పార్కే ఎక్కువ, కొండ తక్కువ. బరువు ఒక కిలో వెనక్కి వచ్చింది. మామిడిపళ్ల కాలం కూడా మరి.

గిరి ప్రదక్షిణ మీద మా గొడవ

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల ప్రదక్షిణ. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎం.వి.పి., సీతమ్మధార, మాధవధార, ఎన్.ఎ.డి., గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి. లక్షలమంది నడుస్తారు, చాలామంది వట్టి కాళ్లతో. సుజాత గారు పూర్తిగా నడుస్తానన్నారు. నేను వద్దన్నాను. అప్పటికి ఆవిడ ఒక్క విడతలో నడిచిన గరిష్ఠ దూరం అందులో మూడో వంతు కూడా లేదు. పైగా తారు రోడ్డు, రాత్రి నిద్ర ఉండదు. భక్తి గురించి నేను మాట్లాడను, మోకాలి చిప్ప గురించి మాట్లాడతాను.

ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక బేరం కుదిరింది. బూట్లు వేసుకుని నడవాలి. దారి వాళ్ల ఇంటి మీదుగానే పోతుంది కాబట్టి ఎం.వి.పి. దాకా వచ్చాక ఇంటికి వెళ్లి కాళ్లు చూసుకుని నాకు ఫోను చేయాలి. నొప్పి పదికి మూడు దాటితే అక్కడితో ఆపాలి. సగం కూడా కాని ఆ దూరం చేరి, రాత్రి ఫోను చేశారు: మోకాళ్లు బాగానే ఉన్నాయి, ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఆపేశారు. అత్తగారు కాళ్లకు ఉప్పు నీళ్లు పెట్టి, వీధి గుమ్మం ముందు నుంచి పోతున్న జనానికి మజ్జిగ పంచడానికి కోడలిని పక్కన కూర్చోబెట్టుకున్నారట. మిగతా దూరం వచ్చే ఏడాదికి అప్పు అన్నారు. బ్యాంకు మనిషి కదా.

అంకెలు, వాటి మీద అనుమానాలు

తొమ్మిది నెలల తర్వాత మళ్లీ కొలిచాం. బరువు 70.5 కిలోలు, నడుము 88 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సీ 5.9 శాతం. కుర్చీలోంచి లేవడం 10 నుంచి 16కు వచ్చింది. ఆరు నిమిషాల నడక 520 మీటర్లు. మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి రెండు. పీట మీంచి దిగేటప్పుడు ఎడమ మోకాలు తిన్నగానే ఉంటోంది, కుడిది అలసిపోతే ఇంకా కొంచెం వాలుతోంది.

ఇదంతా కొండ మహిమ అని రాయలేను. మధ్యలో డైటీషియన్ రాత్రి అన్నం తగ్గించారు, పప్పూ కూరా పెంచారు. స్నేహితురాళ్ల తోడు దొరికింది. మొదలుపెట్టిన కాలం విశాఖలో ఏడాది మొత్తంలో హాయైన కాలం. అదే ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదో. షుగరు రాకుండా ఆపడంలో జీవనశైలి మార్పుకు గట్టి ఆధారాలు ముందే ఉన్నాయి: 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో వారానికి 150 నిమిషాల శ్రమ, ఏడు శాతం బరువు తగ్గుదల లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. 2006లో వచ్చిన మన దేశపు అధ్యయనంలో తగ్గుదల దాదాపు 28 శాతం. ఆ ఫలితాలకు అడవి కారణం కాదు, క్రమం తప్పకపోవడం కారణం. సుజాత గారి విషయంలో ఆ క్రమాన్ని నిలబెట్టింది చెట్లూ మెట్లూ అని మాత్రమే నేను చెప్పగలను.

అందరికీ ఇదే మందు కూడా కాదు. ఈ మధ్యే ఒక కుర్రాడికి ఇలాగే కొండలు చెప్పబోతే, "నాకు ఏసీ జిమ్మే కావాలండీ, మట్టి పడదు, తుమ్ములు" అన్నాడు. అతనికి బార్‌బెల్ మీద బరువు పెరగడం చూస్తే సంబరం. హాయిగా జిమ్‌కే పంపాను. మోకాళ్లు బాగా అరిగినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు పేషెంట్లకు రాళ్ల దారీ మెట్లూ నేను ఇవ్వను. వాళ్లకు చదునైన పార్కు, నీడ, మధ్యమధ్యలో బల్లలు ఉంటే చాలు.

ఇప్పుడు సుజాత గారి వాచీ మళ్లీ చేతికి వచ్చింది, టైము చూసుకోవడానికి. బలం వ్యాయామాల్లో ఒంటికాలి మీద చేసేవి కలిపాను, కుడి తుంటి కోసం. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్లీ. పోయిన వారం ఆవిడ అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి, బీపీ మాత్రలు వేసుకుంటారు, ఎడమ మోకాలు బాగా అరిగింది. "నాకూ ఆ మెట్లు రాసియ్యమ్మా" అన్నారు. శివాజీ పార్కులో రెండు బల్లల మధ్య దూరం రాసిచ్చాను. ఆవిడకు నచ్చలేదు. మళ్లీ గురువారం వస్తారు, ముందు ఈసీజీ చూడాలి.